బల్ల కింద ఆరు సెంటీమీటర్లు

"నా బల్ల కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టిందెవరు?"

ఆమె గొంతు వర్క్‌షాప్ గడప దాటేసరికే లోపల డ్రిల్లింగ్ మిషన్ ఆగిపోయింది. అతను చేతులు తుడుచుకుంటూ తిరిగాడు. ల్యాబుల్లోని పరికరాలన్నీ బాగుచేసే మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఎప్పుడూ స్పానర్ ఉంటుంది కాబట్టి అందరికీ అతను స్పానరే.

"నేనేనండీ డాక్టర్ గారూ. బాగుందా?" అన్నాడు, మెచ్చుకుంటుందేమోనని ఆశగా.

"ఇంకా డాక్టర్ని కాలేదు. మీ పుణ్యమా అని ఇక అవుతానో లేదో!"

నవ్వబోయిన ముఖం అలాగే నిలిచిపోయింది. "రోజూ వంగి పనిచేసి నడుం పట్టుకుని లేస్తున్నారు కదా అని... మూడు వారాల కిందట మీరు సెలవులో ఉన్నప్పుడు పెట్టాను."

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దంటారు కదండీ."

అది నిజమే కావడంతో ఆమె కోపం ఇంకాస్త పెరిగింది. నడుం నొప్పి తగ్గిందని మూడు వారాలుగా అమ్మ చేయించే వ్యాయామాలను పొగుడుతోంది మరి!

"రండి, చూపిస్తా" అని వెనుదిరిగింది.

గ్లాకోమా జబ్బులో కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతింటుంది. ఆ నరం కంటి వెనకనుంచి బయటికి వెళ్లేచోట జల్లెడలాంటి పలచటి కణజాలం ఉంటుంది. ఎంత ఒత్తిడికి ఆ జల్లెడ ఎంత వంగుతుందో కొలవడమే ఆమె పరిశోధన. బల్లమీద స్కానర్, దాని ముందు చిన్న గిన్నెలాంటి హోల్డర్‌లో దానంగా వచ్చిన కన్ను. కంట్లోంచి సన్నటి గొట్టం గోడకు వేలాడే సెలైన్ సీసాకు వెళుతుంది. సీసాను ఎంత పైకి జరిపితే కంట్లో అంత ఒత్తిడి.

"ఎత్తు ఎక్కణ్ణుంచి కొలుస్తాం?" అడిగింది, పిల్లాడిని అడిగినట్టు.

"కంటి మట్టం నుంచి. గోడమీద సున్నా గీత ఉంటుంది, అదిగో..." వేలు గాల్లోనే ఆగింది. సున్నా గీత బల్ల అంచు వెనక సగం దాక్కుని ఉంది. "అయ్యో."

"బల్లతోపాటు కన్నూ లేచింది, స్కానరూ లేచింది. స్కేలు మాత్రం ఉన్నచోటే ఉంది. నేను ఒత్తిడి ముప్ఫై పాయింట్లు అనుకున్నప్పుడల్లా కంట్లో ఉన్నది ఇరవై ఐదున్నర. జల్లెడ వంగట్లేదు, ఏదో కొత్త విషయం కనిపెట్టేశానని వారం రోజులుగా ఎగురుతున్నాను! రేపు పదకొండింటికి మా గైడ్ మేడమ్ ముందు పెట్టాలి."

"మళ్లీ చేయలేరా?"

"పద్నాలుగు కళ్లు. ఏడుస్తూనే ఇచ్చుంటారు ఆ ఇళ్లవాళ్లు. వృథా అయ్యాయి, ఇంకోసారి ఇవ్వండని ఎవర్ని అడగను?"

అతను బల్ల పక్కకు చేరాడు. మోకాళ్లమీద కూర్చుని, జేబులోంచి టేపు తీసి చెక్క ముక్కలు కొలవడం మొదలుపెట్టాడు.

"ఆరు. ఆరు. ఆరు. ఆరు. నాలుగూ ఒకే చెక్కలోంచి కోశాను. వెంట్రుకవాసి తేడా లేదు."

"చాలా అందంగా ఉన్నాయి. ఫ్రేమ్ కట్టించుకోండి."

"అది కాదండీ. తప్పే, కానీ ప్రతిసారీ ఒకే కొలతలో జరిగిన తప్పు. ఎప్పుడు పెట్టానో తేదీ, టైమూ నా రిజిస్టర్‌లో ఉన్నాయి. అన్ని అంకెల్లోంచీ అంతే తీసేస్తే?"

ఆమె తిట్టబోయి ఆగింది. కోపం కాస్త పక్కకు జరిగి లెక్కకు చోటిచ్చింది.

"తీసేస్తే సరిపోదు, సరిపోతుందని చూపించాలి" అంది నెమ్మదిగా. "ఇంకొక్క కన్ను మిగిలింది. ముక్కలుండగా ముప్ఫై దగ్గర ఒక స్కాన్. ముక్కలు తీసేసి ఇరవై ఐదున్నర దగ్గర ఇంకోటి. రెండూ ఒకటే రావాలి. బల్ల ఎత్తుతారా?"

"అడిగారు కాబట్టి ఎత్తుతాను."

"జోకులొద్దు."

బయట వాన పట్టుకుంది. సాయంత్రం అయిదింటికి తెరమీద రెండో స్కాన్ గీత వచ్చి, మొదటి గీతమీద దుప్పటి పరిచినట్టు సరిగ్గా కూర్చుంది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

మర్నాడు మీటింగ్‌కి పిలవకుండానే అతనూ వచ్చాడు, ఒక చేతిలో రిజిస్టరు, ఇంకో చేతిలో చెక్క ముక్క. "తప్పు నాదండీ" అన్నాడు. మేడమ్ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, ఆమెకేసి తిరిగారు.

"నువ్వు కనిపెట్టానన్నది పోయింది. కొలిచింది మిగిలింది. థీసిస్‌కి అది చాలు. ఈ చెక్క సంగతి కూడా అందులో రాయి."

వరండాలోకి రాగానే ఆమె నిలదీసింది. "ఇప్పుడు చెప్పండి. నా నడుం నొప్పితో మీకేం పని?"

"నా బెంచీ దగ్గర్నుంచి మీ కిటికీ కనబడుతుందండీ. రోజూ నాలుగింటికి నడుం పట్టుకుని లేచేవారు. ఆ తర్వాత నాకు పని సాగేది కాదు." స్పానర్‌ను జేబులోంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇది కూడా అడిగి చేసింది కాదు. నాకు తెలీకుండానే అయిపోయింది."

ఆమె వానకేసి చూస్తూ, "ఆదివారం మా ఇంటికి రండి. అమ్మ మిమ్మల్ని చూస్తుంది" అంది.

ఆదివారం అతన్ని సోఫాలో ఓ చివర కూర్చోబెట్టి ఆమె వంటింట్లోకి వెళ్లింది. ఇంకో చివర అమ్మ. అతను మాట్లాడుతుంటే అమ్మ ఎదురుగోడకు జవాబు చెబుతోంది. పక్కనున్న కప్పు కోసం రెండుసార్లు తడుముకుంది. అతను లేచి, మూలనున్న కుర్చీమీద చెయ్యి వేసి, ఆగాడు.

"ఇది మీకెదురుగా జరుపుకోవచ్చా అండీ?"

"పక్కనున్నవి నాకు ఆనవని మా అమ్మాయి చెప్పిందా? ఈ పాడు గ్లాకోమా వల్లే కదా అది ఆ చదువులో పడింది!"

"చెప్పలేదండీ. కప్పు తడుముకుంటుంటే చూశాను."

వంటింటి గుమ్మంలో కప్పులతో నిలబడిపోయింది ఆమె.

"జరుపుకో నాయనా" అంది అమ్మ. అతను కూర్చున్నాక ముఖం తేరిపార చూసింది. ఎంతసేపు చూసినా అతను కదల్లేదు.

"ఇక ఆ కుర్చీ అక్కడే ఉండనీ. మళ్లీ మళ్లీ జరపడమెందుకు?"

"ఎంత దూరంలో వేశారో రాసుకున్నారా?" అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

అతను టేపు కోసం జేబు తడిమి, ఆమెకేసి చూశాడు. "కొలవమంటారా?"