ఒక్క చుక్క కింద పడకుండా

పొద్దున ఏడింటికి ఆ రెండు గదుల ఇంట్లో ఎవరి హడావుడి వాళ్ళది. భువన క్యారియర్‌లో అన్నం సర్దుకుంటోంది. కర్నూలు ఆసుపత్రిలో పసిపిల్లల ఐసీయూ నర్సు ఆమె, ఎనిమిదికల్లా డ్యూటీలో ఉండాలి. వసారాలో అత్త గంగక్క నాలుగేళ్ళ మనవరాలు ప్రణీతకు జడ వేస్తూ పాయ పాయకీ లెక్కపెడుతోంది. "ఒందు, ఎరడు, మూరు..."

గంగక్కది కర్ణాటక సరిహద్దున కోసిగి దగ్గర పల్లె. అక్కడ ఇళ్ళలో కన్నడమే. భువనది కడప. ఐదేళ్ళ కాపురంలో ఆ భాష ఆమె చెవిన పడిందే గాని నోటికి రాలేదు. రానివ్వలేదంటే ఇంకా నిజం.

"అవ్వా, హాలు బేకు," అంది ప్రణీత, పాలు కావాలని.

భువన చేతిలో గరిటె ఆగింది. నిన్న బళ్ళో ఇదే మాట అంటే పిల్లలందరూ నవ్వారని టీచరు చెప్పింది.

"ఎన్ని తూర్లు చెప్పాల అత్తా, బిడ్డతో కన్నడం మాట్లాడొద్దని? బళ్ళో నవ్వుతాండారు."

"నాకు అదే గదమ్మా వచ్చేది. తెలుగులో పని చెప్తా, బేరమాడతా. బిడ్డను ముద్దు చేయాలంటే మాత్రం నోరు రాదు."

"అయితే ముద్దు చేయొద్దులే!"

అనకూడని మాట. అనేశాక వెనక్కి తీసుకోవడం భువనకు చేతకాదు. గంగక్క రిబ్బను ముడి వేసి మెల్లగా లేచింది.

"మధ్యాహ్నం బస్సుకు ఊరికి పోతా. నోరు కట్టుకోని ఈడ నేనుండలేను. ఓబులేష్‌కు నువ్వే చెప్పుకో."

భువన భర్త, లైన్‌మన్ ఓబులేష్ అప్పటికే కరెంటు స్తంభాల వెంట పోయాడు. భువన అత్తను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. క్యారియర్ పట్టుకుని వెళ్ళిపోయింది.

వార్డులో అడుగు పెట్టగానే డాక్టర్ దావీదురాజు ఎదురొచ్చాడు.

"భువనా, మూడో నంబరు వాళ్ళు పాపను ఇచ్చేయమని సైగలతోనే గొడవ. సంతకం పెట్టించుకుని పంపేయాలేమో."

ఆ పాప ఏడో నెలలోనే పుట్టింది. కిలో వంద గ్రాములు. మూడో రోజుకి సొంతంగా ఊపిరి తీసుకుంటోంది. ఇక ముక్కులోని సన్న గొట్టంలో తల్లి పాలు పడాలి. డబ్బా పాలు ఆ పేగులకు పడవు. తల్లి మహేశ్వరికి ఇరవై ఏళ్ళు, అత్త బసమ్మకు యాభై. ఇద్దరికీ కన్నడం తప్ప రాదు. కన్నడం తెలిసిన వార్డు ఆయమ్మ సెలవులో ఉంటే, నిన్న సాయంత్రం భువనే స్టీలు గ్లాసు చేతికిచ్చి, పాలు ఎలా పిండాలో సైగలతో చూపింది. మహేశ్వరి బిత్తరపోయింది. బసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పట్నించీ గ్లాసు ఖాళీ. ఇద్దరూ బిడ్డను చూడ్డానికి కూడా రావడం లేదు.

"పాలు పడలేదేమో," అన్నాడు డాక్టరు.

"పడినాయి సార్. రవిక తడిసింది, కొంగు కప్పుకుంటాంది."

"మరి మొండితనమా?"

"తెలీదు. తెలిసేదాకా ఆ బిడ్డ గడప దాటదు. సంతకం పెట్టించొద్దు సార్. ఒక్క గంట ఇయ్యండి."

వరండాలోకి వచ్చి ఫోన్ తీసింది. ఏ నోరు మూయించి వచ్చిందో ఆ నోటినే అడగాలి. సిగ్గేసింది. అయినా నంబరు నొక్కింది.

"పొద్దున వద్దన్న మాట అప్పుడే కావాల్సొచ్చెనా?" అంది గంగక్క, అంతా విన్నాక.

"తప్పు నాదే అత్తా. తిట్టాలంటే ఈడికొచ్చి తిట్టు. నువ్వు రాకుంటే బిడ్డ పోతాది."

అటునుంచి తలుపు గొళ్ళెం వేసిన చప్పుడు వినిపించింది.

"ఆటోను ఏ గేటు కాడ ఆపమనాల?"

గంగక్క బట్టల సంచీతోనే దిగింది. ఇటునుంచి ఇటే బస్టాండుకు పోతానంది. కోడలి ముఖం చూడకుండా వెళ్ళి బసమ్మ పక్కన నేల మీద కూర్చుంది. పాల ఊసే ఎత్తలేదు. "యావూరవ్వ నిమ్మదు?" అని ఊరు అడిగింది. కాసేపటికి బసమ్మ ఆమె భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

గంగక్క లేచి వచ్చింది.

"భువనా, వీళ్ళు బిడ్డ చచ్చిపోయిందనుకుంటాండారు."

"ఏమంటాండావు అత్తా!"

"మా పక్క బిడ్డ పోయిన తల్లికే చేత్తో పాలు పిండిస్తారు, రొమ్ము గడ్డ కట్టకుండా. పిండి గోడకు పోస్తారు. బిడ్డ బతికుంటే ఎవరూ పిండరు. నువ్వు గ్లాసిచ్చి పిండమంటివి. అంతే, వాళ్ళకు కబురు చెప్పినట్టే అయ్యింది. ఆ గాజు పెట్టెలో తీగలు చుట్టి దాచినారు, శవాన్నన్నా ఇయ్యండి అంటాండారు."

భువనకు అప్పుడు అర్థమైంది. బతికున్న బిడ్డ తల్లికి తన చేతులతో తానే చావు కబురు చెప్పింది. ఆ తల్లి రాత్రంతా ఆ వరండాలో, ఆ తడిసిన రవికతో ఎలా కూర్చుందో!

ఏడవడానికి టైము లేదు. డాక్టరును అడిగి ముగ్గురి చేతులూ కడిగించి, గౌన్లు తొడిగి లోపలికి తీసుకుపోయింది. మహేశ్వరి వేలు పట్టుకుని పాప అరచేతిలో పెట్టింది. ఆ చిన్న వేళ్ళు గట్టిగా ముడుచుకున్నాయి.

"కూసు బదుకైతె," అంది గంగక్క, బిడ్డ బతికే ఉందని. బసమ్మ అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చింది.

గ్లాసు చూడగానే మాత్రం మహేశ్వరి చేతులు మళ్ళీ వెనక్కి పోయాయి. బతికున్న బిడ్డకు చావు తంతు చేయమంటే ఏ తల్లి చేస్తుంది? భువనకు తెలిసిన వైద్యమంతా అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

గంగక్క గ్లాసు అందుకుంది. చాలాసేపు మాట్లాడింది. చివరికి బసమ్మ కళ్ళు తుడుచుకుని, తనే గ్లాసు పట్టుకుని కోడలి ముందు కూర్చుంది.

"ఏం చెప్పినావత్తా?"

"గోడకు పోసేవే చావు పాలు. ఇవి ఒక్క చుక్క కింద పడకుండా బిడ్డ కడుపులోకే పోతాయి, చుక్క పడకుండా చూసే పని అవ్వది, అంటి."

సిరంజిలోంచి గొట్టం గుండా పాలు దిగుతున్నంతసేపూ బసమ్మ బిడ్డను చూడలేదు. రెప్ప వేయకుండా నేలనే చూస్తూ కాపలా కాసింది.

బయటికి వచ్చాక గంగక్క సంచీ తీసుకుంది. "మూడింటికి బస్సుంది."

భువన సంచీ పట్టుకుని వదల్లేదు.

"సైగ చేస్తే చాలనుకున్యా అత్తా. నువ్వు రాకుంటే ఏమయ్యేదో! అట్లాంటి నోటిని నా బిడ్డకు లేకుండా చేయబోతిని. పోవద్దు."

కన్నీళ్ళు ఆగలేదు. గంగక్క సంచీ వదిలేసింది.

సాయంత్రం ప్రణీత గ్లాసు పట్టుకుని తల్లిని భయంగా చూసి, "అవ్వా, పాలు కావాలి," అంది. అచ్చం టీచరు నేర్పినట్టే. గంగక్క లేవబోయింది. భువన కూతురి పక్కన చతికిలబడి, తనూ ఒక గ్లాసు చాపింది.

"అత్తా, నాకూ... హాల్... బేకూ."

ప్రణీత పగలబడి నవ్వింది. "అమ్మకు రాదు!"

"వస్తాదిలే. నువ్వూ నేనూ నేర్పుదాం," అంది గంగక్క కళ్ళు ఒత్తుకుంటూ. గిన్నెలో పాలు ఒక్క గ్లాసుకే ఉన్నాయి. ఒక్క చుక్క కింద పడకుండా రెండింటికీ సమంగా పోసింది.