కడిగేసిన గోడ

కోడలు పళ్ళు తోముకుంటూ ముందుగదిలోకి వచ్చి, బ్రష్షు నోట్లో పెట్టుకునే నిలబడిపోయింది. పదిహేను రోజులుగా గోడ పొడుగునా ఉన్న వరదనీటి మరక లేదు. గోడ తెల్లగా మెరిసిపోతోంది. బురద పట్టిన నాలుగు కుట్టుమిషన్లనూ ఎవరో తుడిచి, నూనె రాసి, ఉతికిన దుప్పట్లు కప్పారు. ఎవరో ఏమిటి, అత్తగారే. కొంగు నడుముకి దోపుకుని సున్నం బకెట్టు కడుక్కుంటోంది. ఆ మొహంలో సంబరం చూడాలి.

"ఎప్పుడు లేచారు అత్తయ్యా?"

"నాలుగింటికి. ఆఫీసరమ్మ వస్తోందన్నావుగా. పరాయి మనిషి అడుగుపెట్టే ఇల్లు అలాగా ఉండేది?"

కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ ముందుగదే ఆమె కుట్టుషాపు. వరద చేసిన నష్టం ఆఫీసరు కళ్ళారా చూసి రాసుకుంటేనే ఈ ఏడాది పన్ను మాఫీ అవుతుంది, కొత్త మిషన్లకి సాయం అందుతుంది. లేదంటే షాపు మూసుకోవడమే. లారీ నడిపే మొగుడి జీతం ఇంటద్దెకీ పిల్ల చదువుకీ బొటాబొటీ.

"నష్టం చూడ్డానికి వస్తుంటే నష్టాన్ని తుడిచేస్తారా?"

"తుడవకపోతే ఈ ఇంట్లో మనుషులున్నారా లేరా అనుకోదూ?"

"అనుకోనివ్వండి. ఆ మరకే మనకి సాక్ష్యం. మీ పరువు కోసం నా షాపు ముంచారు అత్తయ్యా."

అత్తగారి చేతిలో బకెట్టు ఆగిపోయింది. మాట జారాక కోడలే నొచ్చుకుంది. కానీ సర్దిచెప్పే వ్యవధి ఎక్కడిది? పదింటికి వస్తానన్న ఆఫీసరమ్మ ఎనిమిదింటికే గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఎలా ఉన్నారండీ?" అంది ఆవిడ మాటవరసకి.

"మాకేం తల్లీ, ఏ లోటూ లేదు," అంది అత్తగారు. జన్మంతా ఎవరడిగినా ఆవిడ చెప్పే జవాబు అదే.

కోడలు నుదురు కొట్టుకుంది. ఆఫీసరమ్మ గోడ చూసింది, దుప్పట్లు చూసింది, చేతిలో కాగితం చూసుకుంది.

"నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో కొలుద్దామంటే మరకే లేదు. నన్నేం రాయమంటారు?"

అప్పటికి గానీ అత్తగారికి తను చేసిన పని అర్థం కాలేదు. గోడకి వీపు ఆనించి నిలబడి, చెయ్యి గొంతు కింద పెట్టుకుంది.

"ఇక్కడిదాకా వచ్చాయి. కొలుచుకో తల్లీ."

"మీకెలా తెలుసు?" అంది కోడలు. వరద రోజు తను వంతెన అవతల చిక్కుకుపోయింది. మనవరాలిని తీసుకుని ముందే పక్కింటి మేడెక్కేశానని అత్తగారే చెప్పింది.

"పిల్లని ఎక్కించి మళ్ళీ దిగాను. నువ్వు కత్తిరించి పెట్టిన స్కూలు యూనిఫారాలు కిందే ఉన్నాయిగా. అటక మీద పెట్టేసరికి నీళ్ళు ఇంత అయ్యాయి."

"వాటిని పక్కింటి మేస్త్రీగారు అటకెక్కించారన్నారుగా?"

"నిజం చెబితే తిడతావని."

"ఆ మేలుకి ఆయనకి ఊరికే చొక్కా కూడా కుట్టిచ్చాను."

"తీసుకున్నాడుగా, కిక్కురుమనకుండా."

ఆఫీసరమ్మ నవ్వాపుకుంది. కోడలు స్టూలు మీద కూలబడింది. "మీకు ఈత రాదు అత్తయ్యా," అంది.

"ఆ ఆర్డరు కోసం ఎన్ని గుమ్మాలెక్కావో నాకు తెలీదా? ఈ పదిహేను రోజులూ ఆ మరక కేసి చూస్తూ తిండి మానేశావు. పరువని పైకి అన్నాను గానీ, నిన్ను అలా చూడలేకే కడిగేశాను."

ఆఫీసరమ్మ దుప్పటి ఎత్తి, ఒక మిషను మోటారు మూత విప్పింది. లోపల్నుంచి బురద జారింది.

"ఇది చాలు. ఎత్తు కొలిచి, మీ మాటగా రాసుకుంటాను. కానీ ఇందాక లోటు లేదన్నారు. పెద్దవారు, మీరే చెప్పండి, ఏం రాయను?"

అత్తగారు తలదించుకుంది. భర్త పోయినప్పుడు కూడా పరాయివాళ్ళ ముందు 'మాకేం' అన్న మనిషి ఆవిడ. కోడలి కేసి ఒకసారి చూసింది.

"నష్టపోయాం తల్లీ. నాలుగు మిషన్లూ పోయాయి. మాకు సాయం కావాలి."

కోడలు లేచి వచ్చి, ఇంకా గొంతు దగ్గరే ఉన్న ఆ చేతిని మెల్లగా కిందికి దించింది.

"మిషన్లే పోయాయని రాయండి మేడమ్. ఇంకేం పోలేదు," అని, అత్తగారి భుజం మీద వాలి ఏడ్చేసింది.

"సున్నం చేతులే, జాకెట్టు పాడవుతుంది," అంటూనే ఆవిడ కోడల్ని గట్టిగా పొదువుకుంది.