మలుపులో మూలుగు

జంగమకోటె దాటి శిడ్లఘట్ట దారి పట్టాక ఎడమచేతి వైపుకు ఒక పెద్ద మలుపు వస్తుంది. మలుపు పక్కనే మూతపడిన పట్టునూలు షెడ్డు. తలుపులు లేవు, పైరేకులు సగం ఎగిరిపోయాయి. పొద్దుగూకితే ఆ దారిన పోయేవాళ్ళు మాటలు ఆపేస్తారు.

అక్కడ పట్టుపురుగుల గూళ్ళు ఉడికించే వేడినీళ్ళ తొట్టిలో పడి ఒకావిడ చచ్చిపోయిందట. ఎప్పుడు, ఎవరు, పేరేమి అంటే ఒక్కడూ చెప్పలేడు. ఆమె మూలుగు విన్నవాళ్ళు మాత్రం ఊరికి పదిమంది దొరుకుతారు. అందుకే ఆ మలుపుకొక కట్టుబాటు ఏర్పడింది — బ్రేకు తొక్కగూడదు, నోరు విప్పగూడదు, చచ్చినా వెనక్కి తిరిగి చూడగూడదు. చూస్తే బండెక్కి కూర్చుంటుందట. వెనక అద్దాన్ని కూడా పైకి తిప్పేసి పోయే మొనగాళ్ళున్నారు.

మల్బరీ తోట రైతు చెన్నరాయప్ప ఆ మొనగాళ్ళలో ఒకడు. భార్య శశికళకు రొమ్ములో గడ్డ లేచింది. ఆపరేషను అయింది, బెంగళూరు ఆసుపత్రిలో రేడియేషను కరెంటు పెట్టారు, ఇప్పుడు మందు ఎక్కించుకోవడానికి తిరుగుతున్నారు. అందుకోసమే ఒక పాత కారు కొన్నాడు. వెనక సీటంతా ఆమెకే వదిలి, దిండు వేసి పడుకోబెట్టి, దారి పొడుగునా గాజుబుడ్డి మోసినట్టు మెల్లగా తోలేవాడు. ఇంటికొచ్చేసరికి ఎప్పుడూ చీకటే.

డాక్టరమ్మ ప్రతిసారీ ఒకటే అడిగేది. ఎముకల్లో నొప్పి గానీ మొదలైతే దాచొద్దు, జబ్బు పాకిందని అర్థం అనేది. శశికళ నవ్వి, ఏమీ లేదమ్మా అనేది. ఆ మాట మీదే చెన్నరాయప్ప ప్రాణం నిలిచి ఉండేది.

ఒక రాత్రి... ఆ మలుపులో స్టీరింగు ఎడమకు తిప్పాడు.

కిర్‌ర్‌ర్... ఊఁ... ఊఁ...

ఇనుము రాసుకున్నట్టు మొదలై, ఆడమనిషి గొంతులా సాగింది. చెన్నరాయప్ప కట్టుబాటు తప్పలేదు, వెనక్కి చూడలేదు. యాక్సిలరేటరు తొక్కాడు. గుంతల్లో బండి ఎగిరెగిరి పడింది. మూలుగు ఇంకా పెద్దదై — మలుపు దాటాకే ఆగింది.

ఊరి దీపాలు కనబడ్డాక, విన్నావా అని మెల్లగా అడిగాడు. శశికళ వెనక సీట్లో దిండు సర్దుకుంది.

"బండి సద్దే అది. పాతది కదా, చేస్తాంటాది."

తర్వాతిసారీ అంతే. ఆ పైసారీ అంతే. మిగతా మలుపుల్లో చిన్న కిర్రు మాత్రం వినిపించేది, అక్కడికొచ్చేసరికి మూలుగయ్యేది. బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. స్టీరింగుకు మునేశ్వరుడి కుంకుమ పూశాడు. ఎర్రన్నం దిగదుడిచి షెడ్డు ముందు పారబోయించాడు. దెయ్యం దేనికీ లొంగలేదు. తనకేమైనా అవుతుందని కాదు అతని భయం. జబ్బుమనిషి అంటే దెయ్యాలకు అలుసంటారు, దాని కన్ను శశికళ మీద పడిందేమోనని నిద్రపట్టేది కాదు.

చివరికి బండిని శిడ్లఘట్టలో బైరప్ప గ్యారేజీకి తోలుకుపోతానన్నాడు. వద్దు, ఉండనీ, నాకు అలవాటైపోయిండాది అని శశికళ అడ్డంపడింది. వినలేదు.

బైరప్పకు నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు. స్టీరింగు ఆయిలు చూసి, తక్కువైనది నింపాడు. నిలిపిన బండిలోనే స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పమని, బానెట్టు దగ్గర చెవి పెట్టాడు. కిర్రుమంది. చక్రం పైనున్న స్ప్రింగు మీద చెయ్యి వేసి మళ్ళీ తిప్పించాడు. చేతికింద స్ప్రింగు మెలిపడి, టక్కున వదిలింది.

"పైన బేరింగు ఎండిపోయిండాదప్పా. స్టీరింగు తిప్పితే స్ప్రింగు తిరగల్ల. తిరగలేక అరస్తాండాది, అంతే."

ఇక్కడ కిర్రుమని ఆగిపోతోంది గదా, అక్కడ మనిషి మూలిగినట్టు ఎందుకు సాగుతుందని చెన్నరాయప్ప అడిగాడు. బైరప్ప తల గోక్కున్నాడు. బరువుంటుంది, మలుపు పొడుగు, గుంతలున్నాయి, సాగుతుంది అన్నాడు. అయితే రాత్రికి ఒకసారి వచ్చి విని పొమ్మంటే మాత్రం, ఇంట్లో పిల్లలుండారప్పా అని తప్పుకున్నాడు.

రెండుపక్కలా కొత్త బేరింగులు పడ్డాయి. స్టీరింగు వేలితో తిప్పినా తిరిగింది. గుండెల మీది బండ దిగినట్టయింది చెన్నరాయప్పకు. ఇంటికొచ్చి సంబరంగా చెబితే, శశికళ మంచిదే అని పక్కకు తిరిగి పడుకుంది.

ఆ వారమే మళ్ళీ బెంగళూరు. మళ్ళీ చీకటి... మళ్ళీ మలుపు.

ఊపిరి బిగబట్టి స్టీరింగు తిప్పాడు. చప్పుడు లేదు. వేగం పెంచాడు. గుంతలు వచ్చాయి. బండిలో కిర్రు లేదు, టక్కు లేదు. చెన్నరాయప్పకు నవ్వు రాబోయింది.

ఊఁ...

ఇనుము చప్పుడు కాదు. ఉత్త మూలుగు — మెడ వెనకే, బండి లోపలే.

ఎక్కేసింది... అనుకున్నాడు. వెనక సీట్లో శశికళ ఒంటరిగా ఉంది, దానితో.

అంతే, కట్టుబాటు మరిచాడు. బ్రేకు తొక్కి, బండి లోపలి లైటు వేసి, వెనక్కి తిరిగాడు.

శశికళ ఒక్కతే ఉంది. చీరకొంగు నోట్లో కుక్కుకుని, రెండు చేతులతో నడుము అదిమిపట్టుకుని, ముడుచుకుపోయి ఉంది. కొంగును దాటుకుని మూలుగు వస్తూనే ఉంది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

ఆమె కొంగు తీసింది.

"ఆ సద్దు ఉన్నన్నాళ్ళూ దాచుకుంటి. బాగుచేయించొద్దంటే వింటివా నువ్వు..."

చెన్నరాయప్పకు ఏడుపొచ్చింది. దెయ్యమైతే నిమ్మకాయ ఉంది, ఎర్రన్నం ఉంది. దీనికి తన దగ్గర ఏముంది? పైగా ఇన్నాళ్ళూ ఆమెను ఆ గుంతల్లో ఎగరేసింది తానే. ఆమెను అలా వెనక వదిలేసి ఇంక బండి తోలలేననిపించింది. ఎవరైనా బండి తోలితే, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చోవచ్చు. దిగి, రోడ్డు మధ్యకు పోయి, చేతులు జోడించి నిలబడ్డాడు.

గూళ్ళ బస్తాలు వేసుకున్న ఆటో ఒకటి వచ్చింది. ఆగప్పా అని అరిచాడు. ఆటో పక్కకు కోసుకుని, ఇంకా వేగంగా దాటిపోయింది. లోపలున్న ఇద్దరూ తల తిప్పలేదు.

మర్నాడు శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్లో కొత్త కబురు పుట్టింది. ఆ మలుపులో ఆడదెయ్యం ఇప్పుడు ఒక్కతే కాదట. దారికి అడ్డంగా నిలబడి, చేతులు జోడించి ఏడ్చే మగదెయ్యం కూడా ఒకటి చేరిందట.