ముల్లు లేవకూడదు

ఔటర్ హార్బర్‌లో ఇనుప ఖనిజం ఎత్తుకుంటున్న ఓడ పక్కన ఒక శవం తేలింది. చచ్చినవాడు మన గూఢచారి విభాగానికి ఇన్‌ఫార్మర్. అతని గదిలో దొరికింది ఒక్క ఎల్‌పీ రికార్డు. తొలినాటి అమెరికన్ రాక్ అండ్ రోల్ పాటలు, ఒక జపాన్ గాయకుడు పాడినవి.

"కోడ్ ఆ పాటల్లోనే ఉంది. వెతుకు," అన్నాడు చీఫ్ శ్రీరామ్మూర్తి.

ఏజెంట్ అర్జునరావు రెండు వారాలు విన్నాడు. సగం ఇంగ్లీషు, సగం జపనీస్. గొంతు చించుకుని పాడాల్సిన పాటకి ఇస్త్రీ చొక్కా తొడిగి, వయొలిన్లు తగిలించి, పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టారు. కోడ్ దొరకలేదు. ఆ పాటలంటేనే రోత పుట్టింది.

ఆదివారం రాత్రి, ఓడలకి సరుకులు సప్లై చేసే వ్యాపారి వేషంలో సీమెన్స్ క్లబ్‌కి వెళ్లాడు. అక్కడి గ్రామఫోన్ మీదా అదే రికార్డు! పెట్టినవాడు విదేశీ ముఠా నాయకుడు డెక్కర్. టోపీ సర్దుకుని తీరిగ్గా బయటికి నడిచాడు.

క్లబ్ గాయని రోజీ పరుగున వచ్చి అర్జునరావు చెయ్యి పట్టుకుంది. అసలు పేరు భ్రమరాంబ. ఇటు మనకీ, అటు ముఠాకీ కబుర్లు మోసే మనిషి. ఇన్నాళ్ల ఇంగ్లీషు యాస ఒక్కసారిగా ఊడిపోయింది.

"పాటల్లో ఏటీ నేదు సార్! నేవీ ఓడకి మైన్ కట్టీసినారు. ఈ ముల్లు పైకి లేసిందా, అది పేలిపోద్ది. ఈ గ్రామఫోను వైరు కోసినా అంతే. మా తమ్ముడు ఆ ఓడలోనే ఉన్నాడని నాకిప్పుడే తెలిసింది!"

ముల్లు చివరి పాట మీద ఉంది. పాట అయిపోతే దానంతటదే లేస్తుంది.

అర్జునరావు సిగరెట్ లైటర్‌లోని వైర్‌లెస్ నొక్కాడు. "డెక్కర్‌ని గేటు దగ్గర ఆపండి. నేవీ ఓడ కిందికి డైవర్లని దింపండి. వెంటనే."

"టైమ్ పడుతుంది. పాట ఆపకు," అన్నాడు చీఫ్.

ముల్లు ఎత్తకుండా వేలితో వెనక్కి నెట్టాడు అర్జునరావు. రికార్డు కీచుమంది. చివరి పాట మళ్లీ మొదలైంది. మళ్లీ నెట్టాడు. మళ్లీ అవే వయొలిన్లు. నిద్రపోతున్న నావికుల్ని చంపడానికి డాన్సు పాట పెట్టి వెళ్లినవాడంటే, ఆ పాటకన్నా ఎక్కువ రోత పుట్టింది.

గీతలు పడి పడి రికార్డు అరిగిపోయింది. చెమటకి వేలు జారింది. ముల్లు లేచింది.

భ్రమరాంబ కళ్లు మూసుకుంది.

ఏ చప్పుడూ లేదు. లైటర్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "ఇప్పుడే ఫ్యూజు పీకేశారు. ఓడలో అందరూ క్షేమం. డెక్కర్ కూడా దొరికాడు."

ఆమె కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అర్జునరావు చెవులు రుద్దుకున్నాడు.

"ఈ జన్మకి ఇక పాట వద్దు."

భ్రమరాంబ కళ్లు తుడుచుకుని రికార్డు చేతిలోకి తీసుకుంది.

"అటేపు కూడా ఉంది సార్. ఎయ్యమంటారేటి?"