దొల్ల సంఖ్య

లెక్కల ప్రొఫెసర్ తన బల్ల మీదే తల వాల్చి చనిపోయి ఉన్నాడు. కాఫీలో విషం. పక్కన సోఫాలో ఆయన బావమరిది వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య బిస్కెట్ నములుతున్నాడు.

అంబులెన్స్ అటెండర్ వేషంలో వచ్చిన ఏజెంట్ ముఖం తిప్పుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ముంగిస అంటారు. శవాలు అతనికి కొత్త కాదు. ఏడుస్తూ నమిలే ఆ చప్పుడే కొత్త.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

"డ్యామ్ గేట్లకి వేసిన తాళం ఒక సంఖ్య. ఆరువందల అంకెలు. రెండు ప్రధాన సంఖ్యల్ని గుణిస్తే వచ్చింది. ఆ రెండూ తెలిసినవాడే గేట్లు ఎత్తగలడు. ఆ పెద్ద సంఖ్యని విడగొట్టాలంటే కంప్యూటర్లకి యుగాలు పడతాయి."

"మరి భయమెందుకు?"

"పొద్దున ప్రొఫెసర్ ఫోన్ చేసి 'సంఖ్య దొల్ల' అన్నాడు. లైన్ కట్. విదేశీ ముఠా పన్నెండింటికి గేట్లు ఎత్తేస్తుందట. కింద ఊరుంది. వెళ్ళి నెమలిని కలువు."

నెమలి డబుల్ ఏజెంట్. ముఠా జీతమూ తింటుంది, డిపార్ట్‌మెంట్ జీతమూ తింటుంది. హోటల్ లాండ్రీలో, చెమట కంపు కొట్టే దుప్పట్ల గుట్టల మధ్య, వజ్రాల చెవిపోగులతో నిలబడి ఉంది.

"ఇస్త్రీ పెట్టె వేడిగా ఉందా?"

"చెయ్యి కాలేంత."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "9991ని విడగొట్టు చూద్దాం."

"నావల్ల కాదు."

"వందని వందతో గుణిస్తే పదివేలు. అందులోంచి మూడు మూళ్ళు తొమ్మిది తీసెయ్. 9991. అంటే వందకి మూడు కలిపి ఒకటి, మూడు తీసి ఒకటి: నూటమూడు ఇంటూ తొంభైఏడు. రెండూ వందకి అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి ఇట్టే దొరికాయి. ఆరువందల అంకెలున్నా అంతే. ముక్కలు రెండూ పక్కపక్కనే ఉంటే, వర్గమూలం చుట్టుపక్కల వెతికితే చాలు."

"తాళానికి అలాంటి సంఖ్యలు ఎంచింది ఎవరు?"

"బావమరిది. కంట్రోల్ రూమ్ ఇంజినీర్ అతనే. తాను చెప్పినట్టు తేలకుండా ముఠాయే విడగొట్టుకునేలా, కావాలనే ఇరుగుపొరుగు సంఖ్యలు ఏరాడు. ప్రొఫెసర్ అది కనిపెట్టి, ఇంటివాడే కదా అని ముందు అతనికే చెప్పాడు."

"ఇంత పాపం దేనికోసం?"

"కొత్త పాస్‌పోర్టు, సముద్రం పక్కన బంగళా." ఆమె కుడిచేతిని దుప్పటికేసి తుడుచుకుంది. "నిన్న నా చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ కడుగుతూనే ఉన్నాను."

ముంగిస బావమరిదిని కాలరు పట్టి కంట్రోల్ రూమ్‌కి ఈడ్చుకొచ్చాడు. తాళం మార్చాలంటే అతని వేలిముద్ర కావాలి. గడియారం ముళ్ళు రెండూ దగ్గరపడుతున్నాయి.

"బావంటే నాకు ప్రాణం సార్."

"ఆయన ప్రాణం తీశావుగా. కొత్త సంఖ్య వెయ్."

వేళ్ళు టకటకలాడాయి. స్క్రీన్ నిండా అంకెలు. "ఇది ఉక్కు సార్. నా పిల్లల మీద ఒట్టు."

ముంగిస డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కంప్యూటర్ వాచీని స్క్రీన్ వైపు తిప్పాడు. వర్గమూలం తీసి, పక్కన నాలుగడుగులు వెతికేలోపే వాచీ కూసింది. సంఖ్య రెండు ముక్కలైంది. మళ్ళీ ఇరుగుపొరుగే.

బావమరిది సిగ్గుపడకుండా నవ్వాడు. "అలవాటులో పడిపోయింది సార్."

ముంగిస అతన్ని పక్కకు నెట్టాడు. వాచీయే ఒకదానికొకటి ఆమడ దూరంలో ఉన్న రెండు ప్రధాన సంఖ్యల్ని ఏరి గుణించింది. అతని వేలు పట్టి వేలిముద్ర అద్దం మీద నొక్కాడు. చెమటతో, బిస్కెట్ పొడితో జిగురుగా ఉంది ఆ వేలు.

స్క్రీన్ మీద ముఠా ఆర్డర్ మెరిసింది: గేట్లు ఎత్తు.

కింద మరో వరుస: తాళం సరిపోలేదు.

ముళ్ళు రెండూ పన్నెండు మీద కలిశాయి. గేట్లు కదల్లేదు. నెమలి చెప్పిన అడ్రసులో ముఠా మొత్తం దొరికింది.

వారం తిరక్కుండా చీఫ్ ఫోన్ చేశాడు. "జైల్లో గొడవ. ఇంజినీర్‌నీ జేబుదొంగనీ ఒకే సెల్లో వేశారట. గది మార్చమని అర్జీ వచ్చింది."

"ఆ పెద్దమనిషికి దొంగ పక్కన పడుకోవడం నామోషీనా?"

"అర్జీ పెట్టింది దొంగ."