శ్రుతి దించిన అక్క

ఆ మేడమెట్ల రెండో మలుపు మంచిది కాదని వీధంతా అంటుంది. పాలు వేసేవాడు కూడా అక్కడిదాకా ఎక్కడు, ప్యాకెట్లు కిందే పెట్టి పోతాడు. నేను కళ్లారా చూసింది కాదు... కింద కొట్లో టైలరు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

పై అంతస్తులో సంగీతం మాస్టారు ఉండేవాడు. పేరు పెద్దది, నోరు అంతకంటే పెద్దది. ఆయనది పుట్టుకతోనే పైస్థాయి గొంతు. ఎవరి గొంతుకు తగిన శ్రుతి వాళ్లకు పెట్టాలి కదా? ఈయన పెట్టడు. పిల్లలంతా ఆయన శ్రుతికే గొంతు చించుకోవాలి. ఇలాంటివాళ్లను తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన మొదటి శిష్యురాలు ఒక నర్సు. అందరూ అక్కా అనేవారు. గొంతు నొప్పెడుతోందంటే "ఓర్చుకో" అన్నాడు. ఆర్నెల్లకు గొంతు పూర్తిగా పోయింది. "పగిలిన కుండ! రేపట్నుంచి రాకు" అన్నాడు, అందరి ముందూ.

ఆమె ఏడుస్తూ దిగింది... రెండో మలుపులో కాలు జారింది. పైన పాఠం సాగుతూనే ఉంది. కేకేసి పిలవడానికి ఆమెకు గొంతేదీ? పాఠం అయ్యి పిల్లలు దిగేటప్పుడు చూశారు. అప్పటికే ప్రాణం పోయింది.

టైలరు అప్పటికి వీధికి కొత్త, ఇదంతా తెలీదు. ముగ్గురు టీచర్లను మార్చి, చివరికి కూతుర్ని ఈయన దగ్గర చేర్చాడు. నెల తిరిగేసరికి పిల్ల గొంతు బొంగురుపోయింది.

ఓ రోజు పొద్దుగూకాక కరెంటు పోయింది. పిల్ల గోడ తడుముకుంటూ ఎక్కుతోంది. రెండో మలుపులో — చెవి పక్కనే గుసగుస.

"ఇవాళ నీ శ్రుతి దించాను తల్లీ... నేను చెప్పేదాకా పాట ఆపకు."

పిల్ల పైకెళ్లి తన శ్రుతిపెట్టె మోగించగానే మాస్టారు ఉలిక్కిపడ్డాడు.

"ఎవరు దించారిది?"

"అక్కండీ."

"ఏ అక్క?"

"మెట్ల మీద ఉంటుందే... ఆ అక్క."

అదెవరో చూద్దామని మాస్టారు టార్చి పట్టుకుని కిందికి దిగాడు. పిల్ల పాట మొదలెట్టింది.

కింద టైలరు కత్తెర పక్కన పెట్టేశాడు. కూతురి గొంతు అంత హాయిగా ఎప్పుడూ పలకలేదట. చీకట్లో కళ్లు తుడుచుకుంటూ గంటసేపు విన్నాడు.

కరెంటొచ్చింది. పాట ఆగింది. టైలరు మెట్లెక్కాడు...

రెండో మలుపులో మాస్టారు పడున్నాడు. కాలు విరిగింది. నోరు బార్లా తెరిచి, మెడనరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు — చప్పుడు మాత్రం లేదు!

పిల్ల పైనుంచి తొంగిచూసింది. "అక్క ఇప్పుడే ఆపమంది నాన్నా."

మాస్టారికి గొంతు మళ్లీ రాలేదు. ఇల్లు ఖాళీ చేసి పోయాడు. పిల్ల మాత్రం రోజూ సాయంత్రం శ్రుతిపెట్టె పట్టుకుని రెండో మలుపుదాకా ఎక్కుతుంది.

"పంపడానికి భయం వెయ్యదా?" అన్నాను.

టైలరు పంటితో దారం తెంపాడు.

"భయమెందుకండీ? నాలుగుచోట్ల తిరిగాక ఇప్పటికి మా పిల్లకి సరైన టీచరు దొరికింది."