ఎముకలు కడిగిన వైన్

ఆగస్టులో మా దీవి రేవు ఏం వాసన వేస్తుందో నన్నడగండి. స్క్విడ్ ముక్కలు వేయించిన పాత నూనె, ఓడల డీజిలు, టూరిస్టులు ఒంటికి పులుముకునే కొబ్బరి క్రీము, ఈ మూడూ ఎండకి మాగితే వచ్చే వాసన. నాలుగేళ్లుగా ఆ వాసనలోనే నా వ్యాను నిలబెట్టుకుని, ఓడ దిగిన వాళ్లని ఎక్కించుకుని, దీవి తిప్పి చూపించి, మా ఇంటి మేడగదిలో పడుకోబెడుతున్నాను. అంతకుముందు మా నాన్న కట్టిన కొయ్యపడవలో చేపలు పట్టేవాణ్ణి. అప్పుడు నా చేతులు చేపల కంపు కొట్టేవి గానీ, బతుకు మీద ఇంత రోత ఉండేది కాదు.

నిరుడు దిగినవాడు యోస్ట్. డచ్చివాడు, యాభై ఏళ్లుంటాయి, గులాబిరంగు మెడ. లిస్బన్ నుంచి మొదలుపెట్టి ఈ సముద్రం చుట్టూ ఉన్న ఊళ్లన్నీ చూస్తూ, చూసినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. ఎడమచేతి వాటం. రాసిందాని మీదుగానే చెయ్యి జరుగుతుంది కాబట్టి ఆ అరచెయ్యి అంచు ఎప్పుడూ నీలం సిరాతో ఉండేది. వ్యానులో పక్కన కూర్చుని, నేను అడక్కపోయినా ఇంగ్లీషులో చదివి వినిపించేవాడు.

"నేపుల్స్‌లో చెత్తకుప్ప పక్కనే నిమ్మచెట్టు విరగబూసింది. పలెర్మోలో రొట్టె మధ్యన ఆవు ఊపిరితిత్తులు పెట్టి ఇచ్చారు, రెండు తిన్నాను. ఎలా ఉంది, స్త్రాతోస్?"

"బాగుంది" అన్నాను. కిటికీ అద్దం కిందికి దించాను.

వాడు అన్నీ తినేవాడు. చేప తల విరిచి, కన్ను పీల్చి, ఆ వేళ్లు ఒక్కొక్కటే నాకి, అదే చేత్తో పేజీ తిప్పేవాడు. మా అమ్మ అర్గిరోకి మాత్రం వాడంటే ముచ్చట. "వంక పెట్టకుండా తింటాడు, పాపం" అనేది.

"అసలైనది చూపించు" అనేవాడు రోజూ. "టూరిస్టులకి చూపించేది కాదు."

నువ్వు టూరిస్టువి కాక ఇంకెవరివిరా అనుకునేవాణ్ణి.

అసలైనది వాడికి వెతక్కుండానే దొరికింది. ఆ శనివారం మా అన్న యాకోవిస్‌ని పైకి తీసే రోజు.

మా శ్మశానం నాలుగు గోడల మధ్య గుప్పెడు నేల. అందుకని పాతిపెట్టిన మూడేళ్లకి తవ్వి, ఎముకలు వైన్‌తో కడిగి, పెట్టెలో సర్ది, చిన్న గదిలో అరల మీద పెడతాం. ఎముకలు తేనెరంగులో శుభ్రంగా వస్తే చచ్చినవాడు సుఖంగా ఉన్నట్టు. మాంసం కరగకుండా వచ్చిందా, వాడి మీద ఎవరి శాపమో ఉన్నట్టు. శపించినవాడు ముందుకొచ్చి, తన చేత్తో కడిగి, "క్షమించాను" అని మూడుసార్లు అనాలి. అందాకా మట్టి ముట్టదు.

మా అమ్మ ఆ మూడేళ్లూ ఒక్క దిగులుతోనే బతికింది. "నా బిడ్డ శుభ్రంగా రావాలి దేవుడా" అని రోజూ దీపం దగ్గర గొణుక్కునేది. అది విన్నప్పుడల్లా నేను లేచి బయటికి పోయేవాణ్ణి. ఎందుకంటే శపించింది నేనే.

అప్పట్లో కొయ్యపడవ అప్పగించి వేట మానేసిన వాళ్లకి ప్రభుత్వం పరిహారం ఇచ్చేది. అప్పగించిన పడవని అక్కడే ఒడ్డున బుల్డోజరుతో తొక్కించేవారు. నాన్న పోయాక పడవ అన్న పేర ఉంది. నాకు మాటైనా చెప్పకుండా కాగితాల మీద సంతకం పెట్టేశాడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి బుల్డోజరు ఎక్కేసింది. ఆ పలకలు విరిగిన చప్పుడు మనిషి అరుపులాగే ఉంది. అన్న జబ్బ పట్టుకుని అన్నాను: "సంతకం పెట్టిన ఆ చేత్తోనే చావు. నిన్ను మట్టి కూడా ముట్టకుండా పోనూ!"

వాడు నవ్వాడు. "అయితే నువ్వే కడగాలిరా నన్ను, తమ్ముడూ."

ఎనిమిదో రోజున కొండ మలుపులో స్కూటరు మీంచి పడి ప్రాణం వదిలాడు. బుల్డోజరు మోతలో ఆ మాట విన్నవాళ్లు మేమిద్దరమే.

పొద్దున్న తొమ్మిదింటికే ఎండ మాడుస్తోంది. తవ్వేది ఫ్రోసో అత్త. ఊళ్లో అందరి ఎముకలూ ఆవిడ చేతుల మీదుగానే వెళ్తాయి. పక్కన అయిదు లీటర్ల వైన్ డబ్బా, ఖాళీ బకెట్టు. అమ్మ గుంట అంచున కూర్చుంది. ఫాదర్ ధూపం వేస్తున్నాడు. గోడ మీద మోచేతులానించి యోస్ట్ అంజూరపండు కొరుకుతూ రాసుకుంటున్నాడు. గింజలు వాడి గడ్డానికి అంటుకున్నాయి.

పుర్రె వచ్చింది. శుభ్రంగా ఉంది. అమ్మ ముద్దు పెట్టుకుని ఏడ్చింది. పక్కటెముకలు, తొడ ఎముకలు, అన్నీ తేనెరంగే. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు ఫ్రోసో అత్త చెయ్యి ఆగిపోయింది.

ముందు వాసన వచ్చింది. నీళ్లలో వారం రోజులు నానిన తోలు వాసన, అందులో ఏదో తియ్యదనం. ఆ తియ్యదనమే భరించలేకపోయాను. ఆవిడ పైకి తీసింది కుడిచెయ్యి. మణికట్టు దాకా చెక్కు చెదరలేదు. చర్మం తెల్లగా ఉబ్బి, నానిన సబ్బులా జారుతోంది. గోళ్లు పెరిగి ఉన్నాయి.

అమ్మ అరవలేదు. "ఎవరు?" అంది, అంతే.

ఫాదర్ మా అందరి వంకా చూశాడు. "ఎవరైనా మాట తూలి ఉంటే ఇప్పుడే చెప్పండి. తప్పు లేదు. ఆ తల్లి మొహం చూసి చెప్పండి."

అమ్మ మొహం చూశాను, చూశాక చెప్పలేకపోయాను. పైగా ఆ చెయ్యి ముట్టుకోవాలి. నా వల్ల కాదు. తల దించుకున్నాను.

యోస్ట్ అప్పటికే ఇంకో అంజూరపండు కోసం చెట్టు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఫ్రోసో అత్తే బకెట్టులో వైన్ పోసి అన్నీ కడిగింది, చివర్లో ఆ చేతిని కూడా. వైన్ నల్లబడింది, పైన నెయ్యి తరకలా ఏదో తేలింది. కడిగిన వైన్‌ని గరాటు పెట్టి మళ్లీ డబ్బాలో పోసి నాకిచ్చింది.

"మేం అమ్మని తీసుకుని నడుస్తాం. చేతిని ఇంకో ఏడాది ఉండేలా మళ్లీ పాతెయ్. ఈ వైన్ దాని మీద పొయ్యి. ఒక్క చుక్క కూడా గేటు దాటకూడదు. వింటున్నావా?"

"విన్నాను అత్తా."

వాళ్లు ఉడికించిన గోధుమల ప్రసాదం పంచడానికి ఫ్రోసో అత్త ఇంటికి వెళ్లారు. నేను చేతిని పారతో గుంటలోకి తోశాను. అది అరచెయ్యి పైకి పెట్టి పడింది, ఏదో ఇమ్మన్నట్టు. డబ్బా మూత తీశాను. ఆ తియ్యటి వాసన మొహానికి కొట్టింది. గోడ పక్కకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. మళ్లీ ఆ గుంట వైపు వంగలేకపోయాను. దూరం నుంచే కాళ్లతో మట్టి తన్ని పూడ్చాను. వైన్ సాయంత్రం సముద్రంలో పారబోద్దామనుకుని మూత బిగించి వ్యానులో పడేశాను.

నేను చేసిన తప్పు అదే.

ఇంటికొచ్చి, ఆ వాసనకి వ్యానులో ఉంచలేక డబ్బా వంటగది గుమ్మం దగ్గర పెట్టి, నా గదిలో తలుపులేసుకుని పడుకున్నాను. మా దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి కుక్క కూడా బయట తిరగదు. కిటికీలన్నీ మూసేస్తారు. అప్పుడు తిరిగేవి మనుషులు కావని మా నాయనమ్మ చెప్పేది. చెట్ల మీద ఇలకోడి పురుగులు రొదపెడుతున్నాయి. ఆ రొదలోనే నిద్ర పట్టింది.

నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. ఇలకోళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

వంటగదిలో గ్లాసు చప్పుడు.

వెళ్లి చూశాను. యోస్ట్ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా ఆ డబ్బా. సగం ఖాళీ.

"వంటింట్లో ఏమున్నా తీసుకోమని సైగ చేసింది కదా మీ అమ్మ" అని నవ్వాడు. పళ్ల సందుల్లో నలుపు. "అద్భుతం, స్త్రాతోస్. మట్టి రుచి. కొంచెం తీపి. మీ సొంత తోటదేనా?"

పెదవికి అంటిన తరకని నాలుకతో లోపలికి లాక్కున్నాడు.

చెప్పాలి. చెప్తే ఊరంతా తెలుస్తుంది, అమ్మకి తెలుస్తుంది. "మాదే" అని చెప్పి, వీధిలోకొచ్చి అరుగు మీద కూలబడ్డాను.

ఎంతసేపో తెలీదు. లోపల్నుంచి గీస్తున్న చప్పుడు వినిపించింది. కాగితం మీద కలం చప్పుడు. గబగబా... ఆగకుండా...

లోపలికి తొంగిచూశాను. యోస్ట్ బల్ల మీద చెంప ఆనించి నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. పెదవి మీద ఈగ. ఎడమచెయ్యి కిందికి వేలాడుతోంది.

రాస్తున్నది కుడిచెయ్యి.

దగ్గరికెళ్లాను. ఎందుకెళ్లానో ఈ రోజుకీ తెలీదు. రాస్తున్నది మా భాషలో. వాడికి మా భాష ఒక్క ముక్క రాదు. అక్షరాలు ఎడమకి వాలి, ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టున్నాయి. మా అన్న రాత. చిన్నప్పుడు ఆ రాతకే పంతులు చేతిలో దెబ్బలు తినేవాడు.

"స్త్రాతో. కడగాల్సింది నువ్వు కదరా. స్త్రాతో. కడగాల్సింది నువ్వు కదరా."

పేజీ నిండా అదే, ఇంట్లోవాళ్లు నన్ను పిలిచే పేరుతో.

కలం ఆగింది. చెయ్యి పక్కకి తిరిగి నా మణికట్టు పట్టుకుంది. మెత్తగా... చల్లగా... నానిన సబ్బులా... వేళ్లు నా చర్మం మీద జారుతున్నాయి, కానీ పట్టు వదలడం లేదు. అదే తియ్యటి వాసన.

"తమ్ముడూ" అన్నాడు యోస్ట్. కళ్లు తెరవలేదు. నోటి మీద ఈగ కదల్లేదు. "మట్టి నన్ను వద్దంటోందిరా."

"క్షమించాను" అన్నాను గుసగుసగా.

పట్టు కొంచెం సడలింది.

"క్షమించాను."

ఇంకొక్కసారి. ఇంకొక్కసారి అంటే అయిపోయేది. నోరు తెరిచాను. అప్పుడే నాన్న పడవ పలకలు విరిగిన చప్పుడు చెవుల్లో మోగింది. సంతకం పెట్టింది ఈ చెయ్యే కదా. లోపల ఎక్కడో ఏదో గడ్డకట్టుకుపోయింది. మూడోది రాలేదు. నిజం చెప్తున్నాను, భయం వల్ల కాదు... ఇష్టం లేక.

నా చెయ్యి లాక్కుని పరుగెత్తాను.

సాయంత్రం ఓడకి యోస్ట్ వెళ్లిపోయాడు. ఏమీ గుర్తున్నట్టు లేదు. రేవులో నాకు షేక్‌హ్యాండిచ్చి, "మీ దీవి నా నోట్లోంచి పోవడం లేదు" అన్నాడు. మెట్లెక్కుతూ ఏదో రాసుకున్నాడు. కలం కుడిచేతిలో ఉంది.

నెల తిరిగేసరికి మొదటి పోస్టుకార్డు వచ్చింది. మార్సెయ్ నుంచి. బొమ్మ మీద రేవు, వెనక మా అన్న రాత: "ఇక్కడి చేపల పులుసులో మట్టి వాసన లేదు. మూడోది ఎప్పుడంటావు?" తర్వాత జెనోవా. తర్వాత మాల్టా, త్రియెస్తె, కోర్ఫు. ప్రతి ఊరి గురించీ ఒక ముక్క, కింద అదే ప్రశ్న. పదకొండు కార్డులు. అమ్మ కంటపడకుండా వ్యానులో దాచాను. పదకొండోది మా పక్క దీవి నుంచి వచ్చింది.

ఏడాది తిరిగింది. మొన్న శనివారం మళ్లీ తవ్వారు. అదే ఎండ, అదే ఫాదర్. ఫ్రోసో అత్త చేతిని పైకి తీసింది. ఏమీ కరగలేదు. అలాగే ఉబ్బి, తెల్లగా, తడిగా ఉంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రం కొసల్లో నీలంగా ఉన్నాయి.

"సిరా" అంది ఫ్రోసో అత్త. ఆ చేతిని కింద పెట్టి శిలువ గుర్తు వేసుకుంది.

అమ్మ ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది. పసిపిల్లాడి చేతిని తుడిచినట్టు నల్ల తలగుడ్డ కొసతో ఆ వేళ్లు తుడిచింది. రోత లేదు ఆవిడకి. రోతంతా నాదే.

"ఎవరికి రాస్తున్నాడ్రా నా బిడ్డ?" అంది నా కళ్లలోకి చూస్తూ. "నీకు తెలుసా, స్త్రాతో?"

"తెలీదమ్మా" అన్నాను.

అమ్మని ఫ్రోసో అత్త ఇంట్లో దింపి ఒక్కణ్ణే ఇంటికొచ్చాను. తాళం తీశాను. వంటగదిలో కుళాయి కారుతున్న చప్పుడు. ఇలకోళ్ల రొద లేదు. గుమ్మం లోపల, నేల మీద, ఒక కార్డు. బొమ్మ మీద ఉన్నది మా రేవే.

"మూడోది వినడానికి వచ్చాను."

కార్డు మీద స్టాంపు లేదు. సిరా ఇంకా ఆరలేదు.